సీసా దాచుకోవాలా, సీసా చుట్టూ ఉన్నవి దాచుకోవాలా?

విశాఖలో ఓడల మీద పనిచేసొచ్చిన వాళ్ల ఇళ్లకు వెళితే హాల్లో ఒక అద్దాల షోకేసు కనిపిస్తుంది. పిల్లల స్కూలు కప్పులు, ఏటికొప్పాక లక్కబొమ్మలు, వాటి నడుమ మూత తియ్యని విదేశీ సీసా ఒకటి. మల్కాపురంలో మా చిన్నాన్న ఇంట్లోనూ అలాంటిదే ఉండేది. ఆయన సరుకు ఓడల్లో ఇరవై ఏళ్లకు పైగా తిరిగాడు. చుక్క ముట్టేవాడు కాదు గానీ రేవు రేవుకీ ఏదో ఒకటి పట్టుకొచ్చేవాడు. ఇల్లు మారేటప్పుడు నన్నూ మా మేనత్త కొడుకునీ పిలిచి, "ఒరే, తలొకటి పట్టుకెళ్లండిరా, మిగతావి అట్టపెట్టెలో కట్టేస్తాను" అన్నాడు. నేను ఆలోచించకుండా సీలు తియ్యని నీలం రాయల్ సెల్యూట్ విస్కీ సీసా అందుకున్నాను. మా బావ ఒక నల్ల నీళ్ల కూజా తీసుకున్నాడు. జానీ వాకర్ పేరున్న కూజా, విస్కీలో నీళ్లు కలుపుకోవడానికి పబ్బుల్లో బల్ల మీద పెట్టే రకం. నవ్వాను. పన్నెండేళ్లు గడిచాయి. నా సీసా కార్కు పొడైంది, వెల్వెట్ సంచికి బూజు పట్టింది, లోపల సరుకు ఎంత ఉందో కంటికి తెలీదు. బావ కూజా మాత్రం తెచ్చిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

విస్కీ సీసాలు, వాటి చుట్టూ ఉండే వస్తువులు సేకరించే ఈ సరదా కొత్తగా పట్టినవాళ్లు నన్ను అడిగేది ఒకటే: ఏది కొనాలి? పట్టాభిషేకానికో పెళ్లికో కంపెనీ వందేళ్ల పండక్కో విడుదల చేసిన సీలు సీసానా, బొమ్మ ఆకారంలో ఉండే పింగాణీ డికాంటరా (మందు పోసి ఉంచే అలంకార సీసా), 50 ఎం.ఎల్. బుల్లి సీసాలా, లేక కూజాలు, ట్రేలు, రేకు డబ్బాలు, లేబుళ్లా? నా లెక్క ముందే చెప్పేస్తాను. విశాఖలో, మామూలు జీతంతో, మామూలు ఫ్లాటులో ఉండేవాళ్లు మందున్న సీసా ఒకటో రెండో ఉంచుకుంటే చాలు. డబ్బూ ఓపికా ఖాళీ పింగాణీ మీద పెట్టండి. అంతకంటే ఎక్కువగా కూజాల మీద, కాగితాల మీద పెట్టండి.

సీలు సీసా

ముందు దాని గొప్ప చెప్పాలి కదా. రెండో ఎలిజబెత్ రాణికి 1953 జూన్ 2న పట్టాభిషేకం జరిగితే, ఆ సందర్భానికి స్కాట్లండు విస్కీ కంపెనీ షివాస్ వాళ్లు తెచ్చిన విస్కీ రాయల్ సెల్యూట్. పీపాలో 21 ఏళ్లు ఉంచినది. 21 ఎందుకంటే రాజవందనానికి పేల్చే ఫిరంగులు అన్నే. మనకు ఆ లెక్క కొత్త కాదు. నౌకాదళ సమీక్షకు రాష్ట్రపతి వస్తే మన తీరంలో పేల్చేదీ 21 ఫిరంగులే. నేవీ ఊళ్లో ఆ సీసాకి ఇంకో సీసాకి లేని అందం ఉందని ఇప్పటికీ ఒప్పుకుంటాను. నీలం, ఎరుపు, ఆకుపచ్చ మూడూ వరసగా పెడితే కిరీటంలో రాళ్లు గుర్తుకు రావాలని వాళ్ల ఉద్దేశం, వస్తాయి కూడా.

చిక్కల్లా లోపలున్న దానితోనే. పీపాలోంచి సీసాలోకి దిగిన రోజే విస్కీ వయసు ఆగిపోతుంది. 21 ఏళ్ల సరుకుని ముప్ఫై ఏళ్లు బీరువాలో పెడితే 51 ఏళ్ల విస్కీ అయిపోదు. పాత సీసాలో 21 ఏళ్ల విస్కీయే, అదీ మిగిలినంత. మన ఉక్కపోతకి కార్కు సందుల్లోంచి ఆవిరి మెల్లగా పోతూనే ఉంటుంది. గాజు సీసా అయితే మట్టం కంటికి కనిపిస్తుంది. పింగాణీలో ఆ అవకాశం లేదు. అందుకే నేను వంటింటి ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి చూస్తాను. ఆల్కహాలు 40 శాతం ఉన్న విస్కీ 750 ఎం.ఎల్. సుమారు 700 గ్రాములు తూగుతుంది. అదే రకం ఖాళీ సీసా ఎవరి దగ్గరైనా దొరికితే తూచి, తేడా చూసుకోండి. నా నీలం సీసాని అలా తూచిన రోజు, చిన్నాన్న ఇచ్చిన దాంట్లో సగానికి కాస్త ఎక్కువే మిగిలిందని తేలింది. మిగతాది షోకేసే తాగేసింది.

ఇంకో మాట: సీలు సీసాని వైను సీసాలా పడుకోబెట్టకూడదు. విస్కీ ఘాటు కార్కుని తినేస్తుంది. నిలబెట్టే ఉంచాలి.

చట్టం సంగతి. మన రాష్ట్రంలో ఒక మనిషి దగ్గర ఎన్ని సీసాలు ఉండొచ్చో ఎక్సైజు నిబంధనల్లో లెక్క ఉంది. ఆ లెక్క ఎప్పటికప్పుడు మారుతూ ఉంటుంది. కొనేముందు దగ్గర్లోని ఎక్సైజు స్టేషన్లో అడగడం నయం. "తాగడానికి కాదండీ, దాచుకోవడానికి" అంటే లెక్కలోంచి తీసెయ్యరు. విదేశాల నుంచి వస్తూ మనిషికి 2 లీటర్లు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. ఆ రసీదు పారెయ్యకుండా సీసాతోపాటే ఉంచండి. అసలు దెబ్బ ఎక్కడంటే, లైసెన్సు లేకుండా మందు అమ్మడం నేరం. పెట్టుబడి అనుకుని కొన్న సీసాని రేపు ఇంట్లోంచి అమ్ముకునే దారే లేనప్పుడు దాన్ని ఆస్తి అని ఎలా అంటాం?

లండన్‌లో సోదబీస్ వేలంలో 2023 నవంబరులో 1926 నాటి మకాలన్ అనే స్కాచ్ విస్కీ సీసా ఒకటి 21 లక్షల పౌండ్లకు పైగా పలికిందని అందరూ చదివే ఉంటారు. ఆ పీపాలోంచి మొత్తం దిగినవి 40 సీసాలు. మనం డ్యూటీఫ్రీలో కొనే "లిమిటెడ్ ఎడిషన్" పెట్టెకీ దానికీ చుట్టరికం లేదు. దాని పక్కనే ఇంకో కథ కూడా చదవాలి. 2017లో స్విట్జర్లాండులోని ఒక హోటల్లో ఒక చైనా రచయిత 1878 మకాలన్ అని చెప్పిన సీసాలోంచి ఒకే ఒక్క పెగ్గుకి దాదాపు 10 వేల స్విస్ ఫ్రాంకులు ఇచ్చాడు. తర్వాత ప్రయోగశాలలో చూస్తే అది 1970ల తొలినాళ్ల సరుకని తేలింది. హోటలు వాళ్లకే తెలియలేదు, మనమెంత.

నేనూ మోసపోయాను, చిన్న స్థాయిలో. హార్బరు దగ్గర పరిచయమైన ఒకాయన "లండన్ నుంచి డైరెక్టుగా వచ్చిన షిప్పు సరుకు, గురూ" అని ఒక స్మారక సీసా చేతిలో పెట్టాడు. పెట్టె బాగుంది, సీలు బాగుంది. ఇంటికొచ్చి లేబులు చదివితే 750 ఎం.ఎల్. అని ఉంది. బ్రిటన్ అంగళ్లలో 1990ల మొదటి నుంచీ విస్కీ సీసా 700 ఎం.ఎల్.; డ్యూటీఫ్రీలో ఎక్కువగా లీటరు. 750 మన దేశం కొలత, అమెరికా కొలత. లండన్లో కొన్నది 750 ఎలా అవుతుంది? ఊళ్లో ఖాళీ విదేశీ సీసాలు మూతతో సహా మంచి ధరకి కొనేవాళ్లు ఉన్నారంటే, అవి మళ్లీ ఎందుకు పనికొస్తున్నాయో ఊహించుకోవచ్చు. "మిలిటరీ సరుకు" అన్నా అంతే. క్యాంటీన్ కోటా సీసా బయటివాళ్లకి అమ్మేది కాదు, అమ్ముతున్నాడంటే నకిలీ అయినా అయ్యుండాలి, అడ్డదారిలో వచ్చిందైనా అయ్యుండాలి.

అయినా ఒకటి ఉండాల్సిందే అనిపిస్తే మన దేశపు సీసా ఒకటి, బిల్లుతో కొనండి. బెంగళూరు అమృత్ వాళ్లు తమ సింగిల్ మాల్టు విస్కీని 2004లో ముందు గ్లాస్గోలో విడుదల చేసి, అక్కడ పేరొచ్చాక ఇక్కడ అమ్మకానికి తెచ్చారు. స్కాట్లండులో పీపాలోంచి ఏడాదికి 2 శాతం దాకా ఆవిరైతే బెంగళూరులో 10 శాతం దాటుతుంది. ఆ కథ చెప్పుకోవడానికైనా షోకేసులో ఒక సీసాకి చోటివ్వొచ్చు.

పింగాణీ డికాంటరు

దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే అసలు సరదా ఇక్కడే ఉంది, ఎక్కువమంది పొరబడేదీ ఇక్కడే.

అమెరికాలో జిమ్ బీమ్ వాళ్లు 1950ల నడుమ నుంచి 1990ల మొదటి దాకా బోర్బన్ అనే తమ దేశపు విస్కీని పింగాణీ బొమ్మల్లో పోసి అమ్మారు. ఇలినాయ్‌లోని రీగల్ చైనా కంపెనీ వాటిని చేసేది. రాష్ట్రానికో సీసా, కార్లు, రైళ్లు, పక్షులు, చేపలు. ఎన్నికల ఏడాది వచ్చిందంటే రెండు పార్టీల గుర్తులు ఏనుగూ గాడిదా. వైల్డ్ టర్కీ వాళ్లు 1971 నుంచి టర్కీ కోళ్ల వరస తెచ్చారు. ఓల్డ్ క్రో వాళ్లయితే 1969లో చదరంగం సెట్టే చేశారు, 32 పావులూ 32 డికాంటర్లు. ఆ ఆట ఆడాలంటే ముందు బల్ల గట్టిదై ఉండాలి.

స్కాట్లండు వైపు బెల్స్ విస్కీ వాళ్లది గంట ఆకారం. 1981 జూలై 29న చార్లెస్, డయానాల పెళ్లికి వేడ్ కంపెనీ చేత చేయించిన పింగాణీ గంట మన ఊళ్లోనూ చాలా ఇళ్లలో ఉంది. ఆ మరుసటేడు విలియం పుడితే ఇంకో గంట, 1986లో ఆండ్రూ పెళ్లికి మరోటి, 1988 నుంచి ఏటా క్రిస్మసుకి ఒకటి. రాణిగారింట్లో శుభకార్యం జరిగితే చాలు, బెల్స్ వాళ్లు గంట కొట్టేవారన్నమాట.

మా చిన్నాన్న ఈ పెళ్లి గంటని ప్రాణంలా చూసుకున్నాడు. "ఇది రేపు లక్షలు పలుకుతుందిరా" అనేవాడు. పలకలేదు, పలకదు కూడా. దాచుకోమని చేసిన వస్తువుని కొన్నవాడల్లా దాచుకున్నాడు. డబ్బా సమేతంగా, సీలు సమేతంగా ప్రపంచమంతా దాచింది. అన్నీ బతికుంటే అరుదనేది ఎక్కణ్నుంచి వస్తుంది? జిమ్ బీమ్ బొమ్మలదీ అదే కథ. 1970ల్లో క్లబ్బులు పెట్టుకుని మరీ ఎగబడ్డారు, తర్వాత ధరలు దిగిపోయాయి, ఇప్పుడు చాలా బొమ్మలకు సీసా ధర కంటే తపాలా ఖర్చే ఎక్కువ. అమ్ముకుందామనుకునేవాడికి ఇది చెడ్డ వార్త, ఇష్టంతో కొనేవాడికి మంచి వార్త.

అందుకే పింగాణీ ఖాళీదే కొనండి. చట్టంతో పేచీ లేదు, బరువు తగ్గుతుంది, ధర తగ్గుతుంది, అందం అంతే ఉంటుంది. ఇంకో పెద్ద కారణం ఉంది. పాత పింగాణీ గ్లేజులో, అంటే పైన మెరిసే పూతలో, సీసం (లెడ్) ఉండొచ్చు. ఏళ్ల తరబడి మద్యం అందులో నిలవుంటే ఆ సీసం మద్యంలోకి దిగుతుంది. సీసాలో సీసం కలిసిన విస్కీ అతిథికి పోసే పొరపాటు చెయ్యకండి. కట్ గ్లాసు క్రిస్టల్ డికాంటరులో నెలల తరబడి మందు నిలవ ఉంచినా ఇదే భయం.

కొనేటప్పుడు నేను చూసేవి చెప్తాను. మొదట గోటితో తట్టి వింటాను. బాగున్న పింగాణీ కంగుమంటుంది, పగులున్నది మట్టికుండలా బద్దుగా పలుకుతుంది. తర్వాత తిరగేసి అడుగున కంపెనీ ముద్ర చదువుతాను. నకిలీ నోట్లు చూసే యూవీ టార్చి వేస్తే అతికించిన చోట జిగురు వేరే రంగులో మెరుస్తుంది. టర్కీ కోడి ముక్కు, గుర్రం చెవి, చేప తోక, ఇవే ముందు విరిగేవి, కాబట్టి వేలితో తడిమి చూడాలి. చివరగా మూత. బొమ్మ తలే మూతగా ఉండే రకాల్లో వేరే బొమ్మ తల తెచ్చి పెట్టేస్తారు. బంగారు గీత అరిగిందా అన్నది మాత్రం వెలుతుర్లోనే తెలుస్తుంది.

ఆ గీత సంగతి నాకు బాగా తెలుసు. సంక్రాంతికి ఇల్లు దులుపుతూ మా ఆవిడ ఒక గంటని గిన్నెలతోపాటు తోమే పొడి వేసి తళతళలాడించింది. "మరకలన్నీ పోయాయండీ" అంది సంతోషంగా. మరకలతో పాటు అంచున ఉన్న బంగారమూ పోయింది. మెత్తటి తడిగుడ్డ చాలు, ఇంకేమీ వద్దు.

బుల్లి సీసాలు

50 ఎం.ఎల్. సీసాలు ముద్దొస్తాయి, చోటు తక్కువ. కానీ ఉన్నదే రెండు గుక్కలు, అందులో ఆవిరైపోయేది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. మందు ఉంటే చట్టం లెక్కలో ఇవీ మందే. విమాన ప్రయాణాలు ఎక్కువ చేసేవాళ్లకి సరదా, అంతే.

కూజాలు, ట్రేలు, కాగితాలు

నా దృష్టిలో తెలివైన ఎంపిక ఇది. ఇవి దాచుకోమని చేసినవి కావు. పబ్బు మూతపడితే కూజా చెత్తలోకి, ట్రే తుప్పులోకి, లేబులు కాలవలోకి. మిగిలినవి తక్కువ కాబట్టే వాటికి విలువ. ఒక్కో వస్తువు వెనక చెప్పుకోవడానికి కథ కూడా ఉంటుంది. జానీ వాకర్ అడుగులేసే మనిషి బొమ్మని 1908లో టామ్ బ్రౌన్ అనే చిత్రకారుడు గీశాడు. అంతకు ముందునుంచే వాళ్లది చదరం సీసా, పెట్టెలో ఎక్కువ పడతాయి, తక్కువ పగులుతాయి. లేబులు 24 డిగ్రీలు వాలుగా అంటిస్తారు, అక్షరాలు పెద్దవిగా పడతాయని. వాట్ 69 పేరు ఎలా వచ్చిందంటే, 1882లో విలియం శాండర్సన్ రకరకాల మిశ్రమాలు పీపాల్లో పెట్టించి రుచి చూపిస్తే 69వ పీపా నెగ్గింది. మన ఇళ్లలో అదే సీసా ఎన్నేళ్లు ఫ్రిజ్జులో మంచినీళ్లు మోసిందో గుర్తు చేసుకోండి. పక్కింట్లో మనీప్లాంటు కూడా పెంచింది. అందుకే లేబులు చెక్కుచెదరని పాత వాట్ 69 సీసా ఇప్పుడు చూద్దామంటే దొరకదు.

పాత అమెరికన్ గాజు సీసా దొరికితే గాజు మీద ఉబ్బెత్తు అక్షరాలు వెతకండి. ఈ సీసాని మళ్లీ అమ్మడం, మళ్లీ వాడటం ఫెడరల్ చట్టం నిషేధిస్తుందనే వాక్యం కనిపిస్తే, ఆ సీసా 1935 నుంచి 1964 మధ్యది. లేబులు చిరిగినా గాజు అబద్ధం చెప్పదు.

కాగితాల్లో మన రాష్ట్రానిదే ఒక పెద్ద ఖజానా, ఎవరూ పట్టించుకోరు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి 1997లో సడలింది. దానికి ముందు నాటి లేబుళ్లు ఎంతమంది ఇళ్లలో ఉంటాయి? అలాగే 2019 అక్టోబరు నుంచి 2024 అక్టోబరు దాకా దుకాణాలు ప్రభుత్వమే నడిపింది. ఆ ఐదేళ్లలో అల్మారాల్లో కనిపించిన పేర్లు అంతకు ముందు ఎవరూ వినలేదు. అప్పట్లో తిట్టుకుంటూ తాగినవాళ్లు సీసాతో పాటు లేబులూ పారేశారు. నేను ఓ ముప్ఫై దాకా ఊడదీసి ఉంచాను. పాత జిగురు లేబులైతే గోరువెచ్చని నీళ్లలో చెంచా వంటసోడా వేసి గంట నానబెడితే ఊడొస్తుంది. స్టిక్కరు రకమైతే జుట్టు ఆరబెట్టే డ్రయ్యరు వేడి చూపించి మెల్లగా లాగాలి. హోలోగ్రామ్ చిరక్కుండా రావడం మాత్రం అదృష్టం మీద ఉంటుంది.

నేవీ వైపు ఆసక్తి ఉన్నవాళ్లకి తపాలా బిళ్లలు కూడా కలుపుకోమంటాను. 2022 ఫిబ్రవరి 21న ఇక్కడ జరిగిన రాష్ట్రపతి నౌకాదళ సమీక్షకు తపాలా బిళ్ల, తొలిరోజు కవరు విడుదలయ్యాయి. ఆ కవరు పక్కన ఖాళీ రాయల్ సెల్యూట్ పెట్టి చూడండి. రెంటికీ ఆ 21 ఫిరంగులే చుట్టరికం. నా షోకేసులో అందరూ ముందు అడిగేది ఆ అర గురించే.

గాలి, తుపాను

సముద్రం దగ్గర ఎంవీపీలోనో లాసన్స్ బేలోనో ఉంటే ఉప్పుగాలి రేకు మూతల్ని ఏడాదిలోనే తినడం మొదలుపెడుతుంది. ట్రేల వెనక పల్చగా మైనం రుద్దండి. లేబుళ్లు ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, పెట్టెలో తేమ పీల్చే సిలికా జెల్ సంచులు వేసి, వర్షాకాలంలో మార్చండి. కిటికీ ఎదురుగా మాత్రం ఏదీ వద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా కిటికీ రెక్క ఊడి నేరుగా గాజు అరల మీద పడింది. గాజు సీసాలు ఏడు పోయాయి, ఇల్లంతా నాలుగు రోజులు బారు షాపులా కంపు కొట్టింది, కరెంటు లేదు, ఫ్యాను లేదు. లోపలి గదిలో చెక్క బీరువాలో పాత చీరల మధ్య ఉన్న పింగాణీకి గీత కూడా పడలేదు.

చిన్నపిల్లలున్న ఇల్లయితే లేబుళ్లు, డబ్బాలతో మొదలుపెట్టండి. అద్దె ఇంట్లో ఉండి రెండేళ్లకోసారి సామాన్లు కట్టేవాళ్లకి పింగాణీ వద్దు. సొంత ఇల్లు, తాళం పడే బీరువా ఉంటే ఖాళీ డికాంటర్లు ఏదో ఒక వరసే పట్టుకుని వెళ్లండి, గంటలంటే గంటలే, పక్షులంటే పక్షులే. దొరికిందల్లా కొంటే షోకేసు కాస్తా పాతసామాన్ల కొట్టు అయిపోతుంది.

అసలు కొట్టు కంచరపాలెంలో ఒకటుంది, ఆదివారం పొద్దున్న వెళ్తుంటాను. మొదటిసారి మట్టి కొట్టుకుపోయిన కూజా ఒకటి బయటికి తీసి వంద ఇస్తానంటే, ముసలాయన నన్ను ఎగాదిగా చూశాడు. "నీళ్ల ముంతకి వందేటి బావు, లోపల సరుకు కూడా లేదు కదా?"

"సరుకు వద్దు తాతా, ముంతే కావాలి."

మొన్న మళ్లీ వెళ్లాను. వెనక గోనెసంచి కింది నుంచి ఒక విస్కీ ట్రే తీసి, అంచున తుప్పుని తువ్వాలుతో తుడిచి నా ముందు పెట్టాడు. "నీ కోసమే పక్కనెట్టాను బావు. మూడొందలు." బేరమాడాను. రూపాయి తగ్గలేదు.